తప్పు పట్టువాడు, పని చేయువాడు

కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణములో సూత్రాధ్యక్షుడను ఉద్యోగిని గూర్చి ఒక చిన్న అధ్యాయము కలదు. నూలు వడికించుటయు, బట్ట నేయించుటయు అతని పని. అతని క్రింద నూలు వడుకువారిలో వితంతువులు, అంగవైకల్యము గలవారు, కన్యలు, దండనకు లోనై ఆ దండుగను పనిచే తీర్చుకొనువారు, ముదుసలులైన రాజదాసీలు కలరు. వారి నూలు సన్నమో, ముతకయో, నడితరమో చూచి అతడు కూలి నిర్ణయింపవలెను. నేటి ఫ్యాక్టరీలలో నాణ్యపరీక్ష యనబడు పని యిదియే.

ఆ అధ్యాయమున నన్ను మిక్కిలి ఆకర్షించినది ఒక చిన్న నియమము. తెల్లవారుజామున నూలు తెచ్చియిచ్చి కూలి పట్టుకొనిపోవుటకు నేతశాలకు వచ్చు స్త్రీ యెదుట దీప ముండవచ్చునుగాని, అది నూలును పరీక్షించుటకు మాత్రమే ఉండవలెను. ఆ వెలుగున ఉద్యోగి ఆమె ముఖమును చూచినను, పనికి సంబంధింపని మాట లాడినను అతనికి పూర్వసాహసదండము. కూలి యిచ్చుటలో ఆలస్యము చేసినచో మధ్యమసాహసదండము. చేయని పనికి కూలి యిచ్చినను అదే దండము. కౌటిల్యుని దయామయునిగా చూపుటకు నేనీ మాట చెప్పుటలేదు. కూలి పుచ్చుకొని పని చేయని స్త్రీకి బొటనవ్రేలు తీయింపవలెనని విధించినది కూడ ఆ అధ్యాయమే. అయినను ఆ మహామేధావి యొక సంగతి గ్రహించెను. సరకును పరీక్షించువాని చేతిలో దీపముతోబాటు పనిచేసినవారి అన్నము కూడ ఉన్నది. ఆ వెలుగు ఎంతవరకు ప్రసరింపవలెనో హద్దు గీయనిచో పరీక్ష పరీక్షగా నిలువదు.

ఆ హద్దును గూర్చిన వివాదము ఇరువదవ శతాబ్దిలో అమెరికాలోను జపానులోను పెద్ద చరిత్రగా పరిణమించెను. మన దేశమునకు ‘క్వాలిటీ’ అను మాట ఒక ఉద్యమముగా వచ్చినది ఆ రెండు దేశములనుండియే. ఆ చరిత్రను మనవారు సాధారణముగా యజమానుల పుస్తకములనుండి చదువుదురు. అందు పటములుండును, పద్ధతులుండును. పనివాడు మాత్రము శిక్షణ పొందవలసిన వస్తువుగా కానవచ్చును. ఒక చిన్న గదినుండి మొదలుపెట్టి చూచినచో కథ వేరుగా తోచును.

చికాగో నగరమునకు ప్రక్కనున్న సిసరో అను పట్టణమున వెస్టరన్ ఎలెక్ట్రిక్ కంపెనీకి హాథార్న్ అను పేర మహత్తరమైన కర్మాగార ముండెను. టెలిఫోను పరికరములు అందు తయారగుచుండెను. 1920 తరువాతి సంవత్సరములలో అందు పనిచేయువారు సుమారు 40,000 మంది. వారిలో ఇంచుమించు 5,000 మంది పరీక్షావిభాగమువారే. అనగా ఏడుగురు చేసినదానిని చూచి తప్పు పట్టుటకు ఎనిమిదవ మనిషి. ఈ పరీక్షకులు ఫ్యాక్టరీ మేస్త్రీలకు లోబడినవారు కారు. వారి విభాగము వేరు, వారి అధికారులు వేరు.

1931 నవంబరులో పరిశోధకులు ఆ కర్మాగారమున ఒక ప్రయోగము ప్రారంభించిరి. టెలిఫోను ఎక్స్ఛేంజీలకు కావలసిన ‘బ్యాంకు’లను తయారుచేయు 14 మంది పురుషులను ప్రత్యేకముగా ఒక గదిలో నుంచిరి. బ్యాంకు అనగా వరుసలు వరుసలుగా లోహపు కొనలు గల ఒక దిమ్మ. ఆ కొనలకు తీగలు చుట్టువారు తొమ్మండుగురు, చుట్టిన చోట టంకము వేయువారు ముగ్గురు, అంతయు అయిన పిమ్మట పరీక్షించువారు ఇద్దరు. గది మూలను ఒక పరిశీలకుడు కూర్చుండి, ఎవరితోను జోక్యము కలిగించుకొనక, జరిగినదెల్ల వ్రాసికొనుచుండెను. ఈ ఏర్పాటునకు సలహా యిచ్చినవారిలో లాయిడ్ వార్నర్ అను పండితు డుండెను. అతడు అంతకుముందు ఆస్ట్రేలియాలోని ఆదిమవాసుల నడుమ నివసించి వారి ఆచారములను పరిశీలించినవాడు. ఆ దృష్టితోనే చికాగో పనివారిని చూడవలెనని ఉద్దేశము. చూడగా, ఆదిమజాతులకున్నట్లే ఈ 14 మందికిని వ్రాయబడని స్మృతి యొకటి ఉన్నట్లు తేలినది!

ఆ స్మృతి యిట్టిది. దినమునకు ఇంత పని న్యాయమైనదని వారిలో వారికొక లెక్క కలదు: రెండు పరికరములు, అనగా 6,000 మొదలు 6,600 వరకు కొనలకు తీగ చుట్టుట. అంతకు మించి చేసినవాడు కూలిరేటుకు చేటు తెచ్చువాడు. మిక్కిలి తక్కువ చేసినవాడు తోడివారి సొమ్ము తినువాడు. ఏలననగా కూలి సమష్టి ఉత్పత్తినిబట్టి పంచబడుచుండెను. తోడివాని సంగతి పై అధికారికి చెప్పినవాడు ద్రోహి. ఈ మూడును మనమూహింపదగినవే. నాలుగవది విశేషమైనది. ఎవడును అధికారము చూపుచు ఎడముగా నుండరాదు. పరీక్షకుడైనవాడు పరీక్షకునివలె ప్రవర్తింపరాదు. ఈ ధర్మము తప్పినవానికి శిక్షలు కూడ ఉండెను. ఎగతాళి పేరులు పెట్టుదురు. వేగముగా పనిచేయువానిని ‘స్లేవ్’, అనగా బానిస, అని పిలిచిరి. లేదా వచ్చి జబ్బమీద గట్టిగా ఒక గుద్దు గుద్దుదురు. గుద్దు తిన్నవాడు తిరిగి ఒక గుద్దు గుద్దవచ్చును, అంతటితో సరి. జగడము లేదు.

ఇద్దరు పరీక్షకులలో ఒకడు ఈ స్మృతిని గ్రహించినవాడు. అతడు వారి పందెములలోను ఆటలలోను కలిసెను, వారిలో ఒకడాయెను. రెండవవాడు వయస్సున పెద్దవాడు, చదువుకొన్నవాడు, ఆర్మీనియా జాతీయుడు. తన పనిని నియమము తప్పక చేయబోయెను. అతనిని వారు కలుపుకొనలేదు. పని సాగనీయక ఏడిపించిరి. విసిగి అతడు పై అధికారులకు ఫిర్యాదు చేసెను. ఆ సంగతి గదిలోనివారికి తెలిసినది. అటుపిమ్మట అతడు ఆ గదిలో నుండజాలక వేరొకచోటికి మార్చబడెను.

ఈ మనుష్యునియెడ నాకు జాలి కలుగును. అతడు దుష్టుడు కాడు. తనకు జీతమిచ్చిన పనిని చేసినవాడు. కాని తోడివారి దృష్టిలో అతడు మరియొక విభాగమువాడు, మరియొకరి కన్ను. ఆ గదిలో మేస్త్రి సయితము పనివారి పక్షమున చేరి, వారు ఉత్పత్తి లెక్కలను ఒకనాటిది మరియొకనాటికి సర్ది చెప్పుచున్నను చూచి చూడనట్లుండెను. పై అధికారులకు అందు లెక్కలు దినదినము సమముగా, నున్నగా నుండెను. నిజము మాత్రము గదిలోనే ఉండిపోయెను. సరకు బాగోగులను గూర్చిన లెక్కలు సయితము సరకును మాత్రమే తెలుపునవి కావు. పరీక్షకునికిని పనివానికిని గల చెలిమినో వైరమునో కూడ తెలుపుచుండెను.

పరిశోధకులు ఈ ప్రవర్తనకు కారణమును వెదకిరి. ఎక్కువ పనిచేసినచో రేటు తగ్గింతురు, లేదా కొందరిని తొలగింతురు అని పనివారు చెప్పిరి. అట్టిది ఆ విభాగమున జరిగియుండలేదు గనుక ఈ భయము యుక్తికి నిలువదనియు, ఇది హృదయభావమేగాని తర్కము కాదనియు పరిశోధకులు నిర్ణయించిరి. 1939 లో ప్రకటితమైన వారి బృహద్గ్రంథమును అప్పటినుండి వాణిజ్యవిద్యాలయములలో చదువుచునే ఉన్నారు. కాని 1932 మే నెలలో ఆ గది ఎందుచేత మూతపడెనో గమనింపుడు. దేశమునంతను పట్టిన ఆర్థికమాంద్యమువలన చేయుటకు పని లేకపోయినది. భయము తర్కము కాదనిన పండితులకు ఉద్యోగములు నిలిచెను. తర్కము తెలియదనబడిన పనివారు ముందుగానే ఊహించినది జరిగెను.

ఈ భయము ఒక్కనాట పుట్టినది కాదు. దానికి ముప్పది యేండ్ల క్రిందటి కథ యొకటి ఫ్రెడరిక్ టేలర్ తానే వ్రాసిపెట్టెను. ‘శాస్త్రీయ నిర్వహణ’మను మతమునకు అతడు ప్రవక్త. 1911 నాటి తన గ్రంథమున సైకిలు చక్రములలో వాడు ఉక్కు గుండ్లను పరీక్షించు బాలికల వృత్తాంతమును గొప్పగా చెప్పుకొనెను. నూటయిరువదిమంది బాలికలు. ఎడమచేతి వెనుకభాగమున, రెండు వ్రేళ్లు దగ్గరగా చేర్చిన సందున, గుండ్ల వరుసను నిలిపి దొర్లించుచు, గట్టి వెలుగున కన్నార్పక చూచి, గీత పడినదానిని, నొక్కుపడినదానిని, బీటవారినదానిని, మెత్తగా నున్నదానిని కుడిచేతిలోని అయస్కాంతముతో తీసివేయవలెను. దినమునకు 10½ గంటలు ఇదే పని.

కూలి తగ్గింపక 10 గంటలే పనిచేయుటకు మీకు సమ్మతమా యని మొదట వారిని ఓటడిగిరి. ఆ బాలికలు ఏకగ్రీవముగా వద్దనిరి! ఉన్నది చాలును, ఏ మార్పును మాకు వలదనిరి. టేలరు దీనిని మూఢత్వముగా చూపును. నాకట్లు తోచదు. దొరలు మేలు చేసెదమని వచ్చినపుడు ఆ మేలు వెనుక ఏమి వచ్చునో వారెరుగుదురు. తరువాత ఓటు ప్రసక్తి లేకయే గంటలను 10 కి, 9½ కి, 9 కి, తుదకు 8½ కి తగ్గించిరి. నిజముగా అది మేలే. నడుమ నడుమ కొంచెము విశ్రాంతియు నిచ్చిరి. అటుపిమ్మట కన్ను చూచినదానికి చేయి ఎంత త్వరగా కదలునో కొలిచి, ఆ వేగము లేనివారిని పంపివేసిరి. వారిలో మిక్కిలి తెలివిగలవారును, కష్టపడువారును, నమ్మదగినవారును ఉండిరని టేలరే ఒప్పుకొనును. మిగిలినవారు పనివేళ మాటలాడుకొనుటకు వీలులేకుండ పీటలను ఎడము చేసిరి. వారు చూచినదానిని మరల చూచుటకు పైపరీక్షకులను, ఆ పైపరీక్షకులు నిజముగా చూచుచున్నారో లేదో తెలిసికొనుటకు లెక్కపెట్టి కలిపిన చెడ్డగుండ్ల పళ్లెములను ఏర్పాటుచేసిరి. తుదకు నూటయిరువదిమంది పనిని 35 మంది చేసిరి. కూలి రమారమి రెట్టింపయ్యెను. సరకు పూర్వముకంటె బాగుగా వచ్చెను.

ఈ లెక్కలన్నియు టేలరు చెప్పినవి. అవి అట్లే యని ఒప్పుకొందము. అందు పనిమానిన ఎనుబదియైదుగురు ఏమైరో ఒక్క వాక్యమైన లేదు. ఓటు వేసిననాడు ఆ బాలికలకు కనబడినది ఈ ఎనుబదియైదు కాబోలు. హాథార్న్ గదిలోని పురుషులకు టేలరు గ్రంథము తెలియనక్కరలేదు. ఇట్టి కథలు పుస్తకములకంటె వేగముగా ఫ్యాక్టరీలనుండి ఫ్యాక్టరీలకు నడుచును. 1911 ఆగస్టులో బాస్టను సమీపమున వాటర్ టౌను ఆయుధశాలలో పోతపనివారు, తమవానిప్రక్క గడియారము పట్టుకొని నిలిచినందుకే పని వదలి బయటికి వచ్చిరి. ఆ సమ్మె ఫలితముగా కాంగ్రెసు సభ విచారణ జరిపించెను. 1915 లో ప్రభుత్వ ఆయుధశాలలలో అట్టి గడియారముల వాడుకకు డబ్బీయరాదని శాసనము చేయబడెను.

మరల హాథార్న్ కంపెనీకి వత్తము. చిత్రమేమనగా, పరీక్షకుని అధికారమును ప్రశ్నించిన శాస్త్రము కూడ ఆ కంపెనీయందే పుట్టెను. 1924 మే 16 వ తేదీని వాల్టర్ షూహార్ట్ అను భౌతికశాస్త్రజ్ఞుడు తన పై అధికారికి ఒక పుట ఉత్తరము వ్రాసెను. అందొక చిన్న పటము గీసెను. తాత్పర్య మిది. ఏ మనిషి ఎంత జాగ్రత్తగా చేసినను ఒకటి చేసినట్లు మరియొకటి రాదు. ఆ తేడాలలో కొన్ని పని ఏర్పాటునందే ఉన్నవి: యంత్రము, లోహము, వెలుగు, వేడి. కొన్ని మాత్రము ప్రత్యేకకారణములవలన వచ్చును. పటముమీద రెండు హద్దుగీతలు గీసినచో, ఆ గీతల నడుమ పడిన తేడాకు పనివానిని తప్పుపట్టుట అన్యాయము మాత్రమే కాదు, వ్యర్థము కూడ. గీత దాటినపుడే కారణము వెదకవలెను. పరీక్షకుని దీపమునకు గణితము హద్దు గీసినదన్నమాట.

ఆ కర్మాగారమున 1925, 1926 వేసవులలో విద్యార్థిగా పనిచేసిన ఎడ్వర్డ్ డెమింగు ఈ సిద్ధాంతమును జీవితాంతము బోధించెను. అతడు సభలలో ఆడించిన ఆట యొకటి ప్రసిద్ధము. ఒక గిన్నెలో తెల్లపూసలు, ఎఱ్ఱపూసలు కలిపియుండును. అయిదింట ఒక పాలు ఎఱ్ఱవి. సభలోనుండి ఆరుగురు ‘పనివారిని’, ఇద్దరు పరీక్షకులను, వారిపై ఒక ప్రధానపరీక్షకుని పిలుచును. పనివాడు 50 గుంటలు గల ఒక బల్లను గిన్నెలో ముంచి తీయవలెను. ఎఱ్ఱపూస వచ్చినచో అది చెడ్డ సరకు. డెమింగు మేస్త్రి వేషము వేసి, తక్కువ ఎఱ్ఱలు తీసినవానిని పొగడును, బహుమానమిచ్చును. ఎక్కువ తీసినవానిని గద్దించును, తీసివేయుదునని బెదరించును. పనివారు బెదరి మరింత శ్రద్ధగా ముంతురు. ఎఱ్ఱలు వచ్చుచునే ఉండును. ఏలననగా గిన్నెలో ఎఱ్ఱలు పోసినవాడు పనివాడు కాడు! సభలోనివారు కడుపుబ్బ నవ్వుదురు. ఆ నవ్వినవారిలో మరునాడు తన ఫ్యాక్టరీకి పోయి ఎఱ్ఱలు తీసినవానిని గద్దించినవారు ఎందరో!

మా ఉపాధ్యాయులకు ఈ ఆట చెప్పకయే తెలియును. బడికి ఇన్స్పెక్టరు వచ్చు దినమున తెలివిగల పిల్లలను ముందు బల్లమీద కూర్చుండబెట్టుట, వచ్చిన పాఠమునే ఆనాడు మరల చెప్పుట ఎరుగని పంతులు లేడు. నేనును చేసితిని. ఇన్స్పెక్టరు చెడ్డవాడై కాదు. అతడు చూచిన లోపము మా పిల్లల పాఠముగా గాక మా కాగితములమీద మచ్చగా మిగులునని మాకు తెలియును. కావున అతడు చూచినది బడి కాదు. అతనికొరకు మేము కట్టిన బడి. భయమును తరిమివేయుడు, ఆ తరువాతనే నిజమైన అంకెలు వచ్చునని డెమింగు తన 14 సూత్రములలో నొకటిగా చెప్పెను. తుదిని నిలిచి తప్పుపట్టు పరీక్షపై ఆధారపడకుడనియు, గోడలమీద నినాదములు వ్రేలాడదీయకుడనియు, మనిషికింత యని లెక్కలు విధింపకుడనియు చెప్పెను. లోపములలో నూటికి 94 పాళ్లు పని ఏర్పాటువలన కలుగునని అతని అంచనా. ఆ ఏర్పాటు చేసినవారు యజమానులు.

ఇట్టి మాట యజమానుల చెవికి ఇంపుగా నుండదు. స్వదేశమున అతని మాటను చాలకాలము ఎవరును లక్ష్యపెట్టలేదు. యుద్ధమున ఓడి, నగరములు కాలి, ‘జపాను సరకు’ అనగా చవుకబారు సరకని లోకము నవ్వుచున్న కాలమున, 1950 లో, జపాను శాస్త్రజ్ఞుల ఇంజనీర్ల సంఘము అతనిని పిలిపించెను. అతడు కంపెనీల అధిపతులకు కూడ బోధించెను. మరుసటి సంవత్సరముననే అతని పేర ఒక బహుమానము స్థాపింపబడెను. ఇంతవరకు పాఠ్యపుస్తకములు చెప్పు కథ. అవి వదలిపెట్టునది మరియొకటి కలదు. ఆ 1950 వ సంవత్సరముననే టొయోటా కంపెనీ దివాలాకు చేరువై, సుమారు 1,600 మందిని తగ్గింపబూనగా పెద్ద సమ్మె జరిగెను; కంపెనీ అధ్యక్షుడు టొయోడా కిఇచిరో రాజీనామా ఇచ్చెను. 1953 లో నిస్సాను కంపెనీలో నూరు దినములకు మించి పోరాటము జరిగి, పనివారి పాత యూనియను విరిగి, కంపెనీకి అనుకూలమైన క్రొత్త యూనియను నిలిచెను. జపాను పనివాడు నాణ్యమునకు స్వభావముచేతనే విధేయుడని వ్రాయువారు ఈ రెండు సంవత్సరములను చదివినట్లు లేదు. అతడు మొదట పోరాడెను. ఓడిన పిదప, తొలగింపబడనను హామీకి బదులుగా యజమానితో ఒడంబడెను.

ఆ ఒడంబడికమీద మొలచినది ‘క్వాలిటీ సర్కిలు’. 1962 లో ఇషికావా కవోరు సంపాదకత్వమున ఆ ఇంజనీర్ల సంఘమువారు మేస్త్రీలకొరకు ఒక పత్రికను ప్రారంభించి, పనివారు చిన్నచిన్న కూటములుగా చేరి తమ పనిలోని లోపములను తామే చర్చించుకొనవలెనని పిలుపునిచ్చిరి. ఇషికావా కనిపెట్టిన పటము చేపముల్లువలె నుండును: వెన్నెముక చివరనున్న తల లోపము, ఇరుప్రక్కల ముల్లులు కారణములు. అక్షరము వచ్చిన ఎవనికైనను అది సులభము. టొయోటా కర్మాగారమున మరియొక గొప్ప మార్పు జరిగెను. బండి కూర్చు వరుసప్రక్కన ఒక త్రాడు వ్రేలాడుచుండును. లోపము కనబడినచో సామాన్యపు పనివాడు దానిని లాగవచ్చును. సరిపడనియెడల వరుస అంతయు నిలిచిపోవును. హాథార్న్ గదిలో తప్పుపట్టు అధికారము పరాయివిభాగపు మనిషి చేతిలో నుండెను. ఇచ్చట పనిచేయువాని చేతికే వచ్చెను. దీనిని నేను నిజమైన సంస్కారమనియే యెంచుదును. ‘కళ్లజోడు పెట్టుకొన్న దొర పట్టినది తప్పు, నేను చూపినది సాకు’ అను పాతన్యాయమునకు అది వీడుకోలు.

ఈ గాలి మన దేశమునకు రెండు మారులు వీచెను. మహలనోబిసుగారి ఆహ్వానముపై షూహార్టు 1947-48 లో వచ్చి తన శాస్త్రమును బోధించెను. అటుపిమ్మట 1980 లో హైదరాబాదునకు చేరువనున్న రామచంద్రాపురము భారత్ హెవీ ఎలెక్ట్రికల్స్ కర్మాగారమున దేశములోని మొదటి క్వాలిటీ సర్కిళ్లు వెలసెను. 1982 లో సికిందరాబాదు కేంద్రముగా వాని కొక దేశీయసంఘము కూడ ఏర్పడెను. ఆ 1980 లోనే అమెరికా టెలివిజనులో, జపానుకు చేతనైనది మనకేల చేతకాదని ప్రశ్నించు ఒక కార్యక్రమము వచ్చి, ఎనుబదియేండ్ల వయస్సున డెమింగును స్వదేశమున ప్రసిద్ధుని చేసెను.

అమెరికా పనివారు మాత్రము ఆ కూటములను అనుమానముతోనే చూచిరి. ఆ అనుమానమునకు శాసనబలము కూడ కలదు. కంపెనీయే నడపు దొంగయూనియనులను 1935 నాటి వాగ్నర్ చట్టము నిషేధించియుండెను. ఇండియానా రాష్ట్రమున ఎలెక్ట్రోమేషను అను కంపెనీ పనివారితో కమిటీలు వేసి హాజరు, బోనసు, కూలి మొదలగు విషయములను వానిచేత చర్చింపజేయగా, ఆ కమిటీలు చట్టవిరుద్ధములని 1992 లో జాతీయ కార్మికసంబంధముల బోర్డు తీర్పుచెప్పెను. ప్రశ్న చిన్నది. పనివారి పక్షమున మాటలాడు మనిషిని ఎవరు ఎన్నుకొనవలెను? యజమాని ఎన్నుకొన్నచో అది సలహాయే కాని ప్రాతినిధ్యము కాదు. అట్టి కమిటీలకు దారి విడువవలెనని కాంగ్రెసు చేసిన బిల్లును 1996 లో అధ్యక్షుడు క్లింటను త్రోసిపుచ్చెను.

జపానులో ఈ ప్రశ్న వేరు రూపమున వచ్చెను. అచ్చటి సర్కిళ్లు పేరునకు ఐచ్ఛికములు. పని ముగిసిన పిమ్మట కూర్చుండి చర్చింపవలెను. ఆ కాలము పనికాలము కాదు. కాని సర్కిలులో చేరనివానికి, సూచనలీయనివానికి పై మెట్టు ఎక్కుట కష్టము. ఐచ్ఛికమను మాట వినుటకు సొంపుగా నుండును. కాదనుటకు వెల ఎంతయో తెలిసినపుడే దాని అర్థము తేలును. ఉక్కుగుండ్ల బాలికలకు ఓటిచ్చి తరువాత అడుగుట మానిరి. వీరికి ఓటు ఎన్నడును తీసివేయలేదు, వద్దను పక్షమును మాత్రము తీసివేసిరి.

2002 ఫిబ్రవరిలో టొయోటా కర్మాగారమొకదానిలో రాత్రిపని ముగింపుచున్న 30 ఏండ్ల యువకుడు తెల్లవారుజామున కుప్పకూలి మరణించెను. అతడు బండి నిర్మాణములోని లోపములను పట్టు విభాగమున నుండెను. అనగా నాణ్యపరీక్షకుడు. ముందువారు చేసిన లోపము వారికి చెప్పవలెను. తరువాతివారి ఫిర్యాదు తాను వినవలెను. ఇరువురి కోపమును అతనిదే. దీనికితోడు సర్కిలు సమావేశములు, వానికి కావలసిన కాగితములు, సూచనల పరిశీలన. అతని భార్య అతడు ఇంటికి వచ్చిన వేళలను, పోయిన వేళలను లెక్కకట్టి, ఇది పనివలన కలిగిన మరణమని కార్మికశాఖవారికి దరఖాస్తు పెట్టుకొనెను. సమావేశముల కాలము పని కాదని వారు త్రోసివేసిరి. ఇద్దరు పసిపిల్లల తల్లి, న్యాయస్థానమునకు ఎక్కెను.

అయిదేండ్లకు పైగా కడచిన పిదప, 2007 నవంబరు 30 వ తేదీని నగోయా జిల్లాన్యాయస్థానము తీర్పుచెప్పెను. చివరి మాసమున అతడు నియమితకాలమునకు మించి 106 గంటలకు పైగా పనిచేసెనని లెక్క తేల్చెను. సర్కిలు కార్యములు కంపెనీ వ్యాపారమునకు సూటిగా ఉపకరించునవి గనుక అవియు పనియేనని న్యాయమూర్తులు నిర్ణయించిరి. ప్రభుత్వము పై న్యాయస్థానమునకు పోలేదు. 2008 లో టొయోటా కంపెనీ సర్కిలు సమావేశముల కాలమునంతను పనికాలముగా లెక్కించి, దానికి జీతమిచ్చుటకు నిర్ణయించెను.